అయ్యగారమ్మ చేతి రొట్టె

ఉపదేశి పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన వాడి దగ్గర తెలివి మిగిలి ఉంటుందని ఎవరో వాళ్ళను నమ్మించినట్టున్నారు. కాఫీ తాగి, మా ఆవిడ పెట్టిన మురుకులు నమిలి, చివరికి అందరూ అడిగేది ఒకటే. "అయ్యా, బల్ల మేము ఇయ్యొచ్చా?"

బల్ల అంటే ప్రభు భోజనం. రొట్టె, ద్రాక్షరసం. మా మెథడిస్టు సంఘాల్లో దాని పద్ధతి చాలా సులువు. ఉపదేశి ప్రసంగం చెప్పవచ్చు, పాట ఎత్తవచ్చు, జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థన చేయవచ్చు, చర్చి ఊడవవచ్చు, గంట కొట్టవచ్చు. ఊడవడానికీ గంటకూ అయితే పోటీయే లేదు. కానీ రొట్టెనూ రసాన్నీ ఆశీర్వదించే పని మాత్రం ఉపదేశిది కాదు. తల మీద బిషప్పు చేతులుంచి అభిషేకించిన పాస్టరు ఆ పని చేయాలి. పాస్టరు ఆశీర్వదించాక, పాస్టరు చెబితే, ఉపదేశి పళ్ళెం పట్టుకుని పంచిపెట్టవచ్చు. పెళ్ళిలో వంట మాస్టరు వేరు, వడ్డించేవాడు వేరు కదా, అట్లాగన్నమాట. నేను వడ్డించేవాణ్ణి.

పిల్లలకు ఇంతవరకే చెప్పి పంపేస్తుంటాను. మిగిలింది చెప్పడానికి నోరు రాదు. ఊరందరి మీదా లేచిన నోరే ఇది. అందుకే రాస్తున్నాను.

నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కల అయ్యవారిని అనుకరించి చూపిస్తుంటే ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత బంగారుపాళ్యం దగ్గర పల్పు ఫ్యాక్టరీలో మామిడికాయల లారీలు దించేవాణ్ణి. పాటా మాటా బాగున్నాయని ఒక పాస్టరుగారు నన్ను పిలిచి ఉపదేశిని చేశారు. హైవే నుంచి లోపలికి వెళితే తోటల మధ్యలో ఉండే చిన్న ఊరు మాది. చర్చికి రేకుల కప్పు. వానొస్తే నా ప్రసంగం ఎవరికీ వినపడేది కాదు. మా ఆవిడ ఆ వానను దేవుడి కృప అనేది. జనం నా ప్రసంగానికి వచ్చేవాళ్ళు కాదు, మధ్యలో నేను వేసే జోకులకు వచ్చేవాళ్ళు. ఆ సంగతి తెలిసీ నేను గర్వపడేవాణ్ణి.

పాస్టరు చిత్తూరు నుంచి నెలకొకసారి, మొదటి ఆదివారం వచ్చి బల్ల ఇచ్చేవారు. రొట్టె, రసం పెట్టిన బల్ల ముందు చెక్క రెయిలింగు ఉంటుంది. జనం వరసగా వచ్చి దాని ముందు మోకరిస్తారు. కుడి సగానికి పాస్టరు, ఎడమ సగానికి నేను పళ్ళేలు పట్టుకుని రొట్టె పంచేవాళ్ళం, దాని వెనకే రసం గిన్నెలు. అందరిదీ అయిపోయాక ఇద్దరమే మిగులుతాం. అప్పుడు పాస్టరు నాకిస్తారు, నేను పాస్టరుకిస్తాను. తనకు తాను తీసుకోవడం మా సంఘంలో లేదు. ఎంత పెద్ద పాస్టరైనా చివరికి ఇంకొకరి ముందు చేతులు చాపాల్సిందే. ఇది పుస్తకంలో ఉన్న నియమమో, మా పెద్దలు పెట్టుకున్న వాడుకో నాకు తెలియదు. నేను చేరేసరికే ఉంది.

పాత పాస్టరు రిటైరైనప్పుడు, ఆయన స్థానంలో ఒక ఆడమనిషి వస్తోందని కబురు వచ్చింది.

పాస్టరును అయ్యగారనీ, పాస్టరు భార్యను అమ్మగారనీ పిలవడం మాకు అలవాటు. మరి పాస్టరే ఆడమనిషి అయితే ఏమనాలి? ఊళ్ళో ఇదొక పెద్ద చర్చ అయింది. "అయ్యగారమ్మ" అన్నాను నేను. "ఆమె మొగుడొస్తే అమ్మగారయ్య." హైవే మీద బోండాల అంగడిలో ఆ పూటంతా అదే నవ్వు. ఆమె స్కూటీ దిగకముందే ఆమెకు పేరు పెట్టేశాను.

చిత్తూరు నుంచి స్కూటీ మీద వచ్చింది. ముప్పై అయిదు దాటిన మనిషి. ఆరాధనలో వేసుకునే తెల్ల అంగీని సీటు కింద డిక్కీలో మడత నలగకుండా పెట్టుకుని తెచ్చుకుంది. మొదట మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ సంగటీ వేరుశనగ చట్నీ పెడితే కింద కూర్చుని తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి నాతో చెప్పింది.

"అన్నా, నాకు అభిషేకమయ్యి శానా ఏండ్లయినాది. ఒక్క సంఘం కూడా ఇయ్యలేదు. తిరుపతిలో హాస్టలు వార్డెనుగా పెట్టినారు. పిల్లోళ్ళకి సాంబారు పోయించినా గానీ, నా సంఘమని ఒక్కరికీ బల్ల ఇచ్చింది లేదు. ఇదే నాకు మొదటి తావు. ఈడ కుదరలేదంటే, ఆడోళ్ళకి సంఘాలు సరిపడవు అని నన్ను మళ్ళా ఆ హాస్టలుకే తోలేస్తారు. మీరు నాకు తోడుండల్ల."

"నేనుండా గదమ్మా" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. "ఈ ఊరంతా నా మాట వింటాది."

ఆ మాట అబద్ధం కాదు. అదే వచ్చిన తంటా.

ఆ వారంలోనే మా సంఘ పెద్ద ఇంట్లో నలుగురం కూర్చున్నాం. మామిడితోటలు గుత్తకు తీసుకునే మనిషి ఆయన. కాయ పిందె మీద ఉండగానే ధర చెప్పేస్తాడు, మనుషులక్కూడా అంతే.

"ఆడమనిషి సేతి మీద బల్ల ఎట్లప్పా తీసుకునేది?" అన్నాడు నావైపు తిరిగి. "నువ్వు సెప్పు. తీసుకోవచ్చునని యాడన్నా రాసుండాదా?"

జవాబు నాకు తెలుసు. బిషప్పు చేతులుంచాక అది ఆడ తలా మగ తలా అని మా సంఘం చూడదు. ఆమెకున్న అధికారం పాత అయ్యగారికున్నదే. ఆ రెండు మాటలూ చెప్పి లేచి ఉంటే సరిపోయేది. కానీ ముగ్గురు మనుషులు నా నోటి వంక చూస్తున్నారు, నవ్వడానికి సిద్ధంగా. అట్లాంటి మొహాలు కనపడితే నేను ఆగలేను.

"రాసుండేదాని సంగతి కాదు పెద్దాయనా" అన్నాను. "క్యాలెండరు సూసుకోవాల. ప్రతి నెలా మొదటి ఆదివారమే అంటే అయ్యగారమ్మకి కుదరద్దా?"

సంఘ పెద్దకు కాఫీ ముక్కుల్లోకి పోయింది. నలుగురమూ పడిపడి నవ్వాం.

తరతరాలుగా ఏసును నమ్ముకున్న ఇళ్ళే మావి. అయినా ఆ దినాల్లో ఆడవాళ్ళు వసారాలో విడిగా పడుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో పోలేదు. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. నేను మాట్లాడి పెట్టాను. ఆ జోకు బోండాల అంగడికి పోయింది, ఫ్యాక్టరీలో కాయలు ఏరే ఆడవాళ్ళ దగ్గరికి పోయింది, కుళాయి దగ్గరికి పోయింది. తిరిగి నా దగ్గరికొచ్చేసరికి దాంట్లో నవ్వు లేదు. "ఆమె సేతి మీద తీసుకోగూడదంట. ఉపదేశే సెప్పినాడు" అని వచ్చింది. వెళ్ళేటప్పుడు జోకు, వచ్చేటప్పుడు నియమం.

కాదని చెప్పడానికి నాకు టైము ఉండింది. రేపు చెబుదాంలే అనుకుంటూ గడిపేశాను.

మొదటి ఆదివారం వచ్చింది. పొద్దున బోండాల అంగడిలో నా ప్లేటు పక్కనే సంఘ పెద్ద తన ప్లేటు పెట్టాడు.

"మేమంతా నీ పక్కకే వస్తాం. నువ్వే ఇయ్యి" అన్నాడు. "ఆమెను ప్రార్థన సదువుకోనీ."

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, లోపల నాకు చక్కిలిగిలి పెట్టినట్టయింది. అంత చదువు చదివి, అభిషేకం పొందిన చేతి కన్నా, లారీలు దించిన నా చేతికి గిరాకీ ఎక్కువ. ఇంకో బోండా తెప్పించుకుని తిన్నాను.

ఆ రోజు ఆమె ఆరాధన ఎంత బాగా జరిపిందో చెప్పాలి. గొంతు పెద్దది కాదు, కానీ రేకుల కింద చివరి బెంచీ దాకా స్పష్టంగా వినపడింది. రొట్టె విరిచేటప్పుడు చేతులు వణికాయి. అది భయం అనుకున్నాను అప్పుడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పని చేతికొస్తే ఎవరి చేతులైనా వణుకుతాయని తర్వాత తెలిసింది.

నాకొక పళ్ళెం ఇచ్చి, తానొక పళ్ళెం తీసుకుని, ఆమె కుడి పక్కకు వెళ్ళి నిలబడింది.

జనం లేచారు. మొదటి వరస వచ్చి మొత్తం ఎడమ సగంలోనే మోకరించింది. భుజం భుజం రాసుకుంటూ, మోకాళ్ళు పట్టక ఒకరినొకరు తోసుకుంటూ నా ముందు కూర్చున్నారు. కుడి సగం ఖాళీ. అక్కడ ఆమె పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

రెండో వరసా అంతే. ఆ వరసలో ఒక ముసలామె ఉంది, బాగా చెవుడు. ఖాళీ కనపడితే కుడి పక్కకు నడిచింది. కోడలు వెనక నుంచి చెంగు పట్టి లాగింది.

"ఏందే? ఈడ వల్లకాడు మాదిరి ఖాళీగా ఉంటే, ఆడ పోయి ఇరుక్కోమంటావా?" అని గట్టిగా కసిరి, ముసలామె అయ్యగారమ్మ ముందే మోకరించి రెండు చేతులూ చాపింది. ఊరు మొత్తంలో నా జోకు చేరని మనిషి ఆమె ఒక్కతే.

ఇంతలో నా పళ్ళెం ఖాళీ అయింది. ఇంకా జనం ఉన్నారు. అప్పుడు ఆమె కుడి పక్క నుంచి నడిచి వచ్చి, తన పళ్ళెంలోని రొట్టె ముక్కలను నా పళ్ళెంలోకి వంచింది. నా మొహంలోకి చూడలేదు. ముక్కలు కింద పడకుండా చూసుకుంది, అంతే. మళ్ళీ పోయి తన తావులో నిలబడింది.

ఆ క్షణంలో నేను పళ్ళెం కింద పెట్టి ఉండాల్సింది. "ఏమప్పా, ఆ పక్క మోకాళ్ళకి ముళ్ళు గుచ్చుకుంటాయా? పొండి ఆడికి!" అని ఒక్క కసురు కసిరితే చాలు, నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆ పని చేయగల నోరు ఊళ్ళో నాదొక్కటే. మంచిపని కావాల్సి వచ్చినప్పుడు అది గమ్మున ఉండిపోయింది. నేను పంచుతూ పోయాను.

అందరూ బెంచీల్లోకి వెళ్ళిపోయాక ఇద్దరం మిగిలాం.

ఆమె ఒక ముక్క తీసుకుని నా దగ్గరికి వచ్చింది. చెప్పాల్సిన మాట చెప్పి చెయ్యి చాపింది. ఊరందరికీ ఒకటే అనుమానం, వీడు తీసుకుంటాడా లేదా అని. ముందు బెంచీలో సంఘ పెద్ద మీసం మీద వేలు పెట్టుకుని చూస్తున్నాడు. తీసుకుంటే రేపటి నుంచి బోండాల అంగడిలో నవ్వులపాలయ్యేది నేనే. జనాన్ని నవ్వించే వాడికి, జనం తనను చూసి నవ్వుతారంటే ఎంత భయమో మీకు చెప్పలేను.

"నాకు ఈ దినం ఉపవాసమమ్మా" అన్నాను.

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సంఘ పెద్ద ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పొద్దున నేను బోండాలు తింటుంటే పక్కనే ఉండి చూసింది ఆయనే కదా! అంగడిలో మమ్మల్ని చూసినవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. బెంచీ తర్వాత బెంచీకి నవ్వు పాకింది. బల్ల ముందు, కప్పి ఉన్న గిన్నెల ముందు, చర్చి మొత్తం నవ్వింది. నేను వేసిన జోకులన్నిట్లోకీ బాగా పేలింది అదే.

ఆమె చెయ్యి చాచి అట్లాగే కాసేపు నిలబడింది. తర్వాత ముక్కను పళ్ళెంలో పెట్టేసింది. వాడుక ప్రకారం ఇప్పుడు నేను ఆమెకివ్వాలి. ఆమె చేతులు చాపలేదు. నేను తీసుకోలేదు కాబట్టి తానూ తీసుకోలేదు. రెండు పళ్ళేల మీదా తెల్లగుడ్డ కప్పి, చివరి ప్రార్థన చేసి, నవ్విన వాళ్ళందరికీ దీవెన చెప్పింది.

జనం పోయాక ఇద్దరమే గిన్నెలు సర్దుతున్నాం.

"అన్నా, క్యాలెండరు మాట మీదేనంట గదా" అంది గుడ్డ మడుస్తూ.

"ఊరికే తమాషాకి అన్నానమ్మా..."

"తెలుసులే. నాకూ నవ్వొచ్చినాది. బాగా చెప్తారు మీరు." అంగీని డిక్కీలో పెట్టి మూత వేసింది. "మీరు తోడుంటామన్నారని, ఇంట్లో మా ఆయనకి చెప్పుకున్నా. అదొక్కటే సిగ్గుగా ఉండాది."

సిగ్గు ఆమెకంట! స్కూటీ పోయాక కూడా ఆ మాట అక్కడే నిలబడింది.

ఇంటికి పోతే మా ఆవిడ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"పన్నీరు ద్రాక్షలు కడిగి, కాచి, వడగట్టి ఇచ్చింది నేను. ఊరంతా తాగినారు. ఆమె గొంతు తడవలేదు."

"నువ్వేం తక్కువా? నువ్వూ నా పక్కకే వచ్చినావు గదా" అన్నాను.

"నీ పెండ్లాన్ని, యాడికి పోతా? నవ్వింది కూడా నీకోసమే నవ్వినా. ఇంక నవ్వను పో."

మాట మీద నిలబడే మనిషి. ఆ తర్వాత చర్చిలో నా జోకులకు ఆమె నవ్వలేదు. నాకు ఒక బెంచీ మొత్తం ఖాళీ అయినట్టుండేది.

తర్వాతి నెల అయ్యగారమ్మ మళ్ళీ వచ్చింది, చివరికి మళ్ళీ నా ముందు చెయ్యి చాపింది. ఒకసారి ఉపవాసమన్నవాడు రెండోసారి ఏమంటాడు? అదే అన్నాను. ఆ పై నెలా అంతే. ఆమె చాపడం మానలేదు, నేను తప్పించుకోవడం మానలేదు. ఊళ్ళో నాకు ఉపవాసం ఉపదేశి అని పేరొచ్చింది. పేర్లు పెట్టడం నాకొక్కడికే వచ్చని అనుకునేవాణ్ణి. వాళ్ళు నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి.

ఒకరోజు మా పక్క సంఘాలన్నిటికీ పైనున్న సూపరింటెండెంటుగారు నాకు ఫోన్ చేసి, సంఘం ఆమెను ఒప్పుకుంటోందా అని అడిగారు.

"జనం ఆమె పక్కకి పోరయ్యా" అన్నాను. జనమంటే ఎవరో పక్క ఊరివాళ్ళయినట్టు.

ఆ ఏడాది బదిలీల్లో ఆమెను తీసేశారు. మళ్ళీ ఆ హాస్టలుకే. పోయే ముందు మా ఇంటికి వచ్చి మా ఆవిడతో మాట్లాడి వెళ్ళిందట. నేను ఆ పూట పనేమీ లేకపోయినా చిత్తూరుకు పోయాను. ఆమె తర్వాత వచ్చిన పాస్టరు మగవాడు. బస్సు దొరకలేదని రెండు నెలలకొకసారి వచ్చేవాడు, వచ్చినా వాచీ చూసుకుంటూ బల్ల ఇచ్చేవాడు. రెయిలింగు కుడి సగం మళ్ళీ నిండింది. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

నేను రిటైరయ్యాక విన్నాను, చాలా ఏళ్ళ తర్వాత ఆమెకు గూడూరులో సంఘం ఇచ్చారని. విన్న దినం నుంచి కాళ్ళు నిలవలేదు. ఒక మొదటి ఆదివారానికి ముందు రోజే తిరుపతికి పోయి చెల్లెలి ఇంట్లో పడుకుని, పొద్దున రైలెక్కాను. చెల్లెలు ఉప్మా పెడతానంటే వద్దన్నాను. గూడూరు స్టేషను బయట నిమ్మకాయల బస్తాల వాసన ఇంకా ముక్కులో ఉండగానే చర్చిలోకి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను.

ముందు జుట్టు నెరిసింది ఆమెకు. గొంతు అదే. రొట్టె విరిచేటప్పుడు చేతులు వణకలేదు.

రైల్లో అంతా నేను ఒకటే అనుకున్నాను. పోయి ఆమె ముందు మోకరించి, రెండు చేతులూ చాపి తీసుకోవాలి. కానీ వరస కదిలి మా బెంచీ లేచేసరికి ఖాళీ ఎడమ పక్కనే ఉంది. అక్కడ పంచుతున్నది ఆ ఊరి ఉపదేశి, నాలాగే పొట్ట ఉన్న మనిషి. నలుగురిని దాటుకుని కుడి పక్కకు పోదామని ఒక అడుగు వేశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. ఇచ్చే చెయ్యి ఎవరిదో చూసుకుని పక్క మారడం మా ఊరి పని. నేనే నేర్పిన పని. అడుగు వెనక్కి తీసుకుని, ఖాళీ ఉన్న చోటే మోకరించి ఆ ఉపదేశి చేతి మీదే తీసుకున్నాను.

అందరిదీ అయ్యాక ఆ ఇద్దరూ మిగిలారు. ఆ వాడుకను ఆమె అక్కడ కూడా పెట్టినట్టుంది. ఆమె ఇచ్చింది. ఆ ఉపదేశి పిల్లవాడిలాగా రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. తర్వాత ఆయన ఇచ్చాడు, ఆమె చేతులు చాపింది. ఎవరూ వాళ్ళ వంక చూడటం కూడా లేదు. పాటల పుస్తకాల్లో తర్వాతి పాట వెతుక్కుంటున్నారు. అంత చిన్న పని అది.

బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె ఒక్కొక్కరికీ చేయి కలుపుతోంది. నన్ను చూసి ఆగింది. గుర్తుపట్టింది.

"ఏమన్నా" అంది. "ఈ నెల ఉపవాసం లేదా?"

కళ్ళల్లో నవ్వుంది. తమాషా చేస్తోంది నన్ను. బాగా చేసింది కూడా.

"ఉండాదమ్మా" అన్నాను. "ఈ తూరి నిజంగానే ఉండాది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చినా."

నవ్వు ఆగింది. నా మొహంలోకి చూసింది. "అట్లయితే ఇంటికి రాండి. ఆకలితో రైలెక్కొద్దు."

వాళ్ళాయన దోసెలు పోస్తుంటే ఆమె తెచ్చి నా ప్లేటులో వేసింది. తిన్నాను. ఇంకొకటి వేసింది, అదీ తిన్నాను. వాళ్ళ ఉపదేశి గురించి, నిమ్మకాయల ధర గురించి, మా ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడింది. మా ఊరి గురించి అడగలేదు. క్షమాపణ అడగాలని రైల్లో కూడబలుక్కున్న మాట ఒకటి నా దగ్గర ఉండింది. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె చట్నీ వేసింది.

చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు ఇచ్చింది. ఆమె చేతి మీద నేను తిన్నది ఆ రెండు దోసెలే. నెల నెలా ఆమె ఇవ్వబోయిన రొట్టెకు ఈ దోసెలు బదులు కావని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.